గుర్తు తెలియని వాహనాన్ని పోలీసులు ఎలా పట్టుకుంటారు?

ప్రశ్న: మాది గుత్తి మండలంలోని ఒక పల్లె. మా బావగారు తెల్లవారుజామున డెయిరీకి పాలు పోసి మోపెడ్ మీద తిరిగి వస్తుండగా, 44వ నంబరు జాతీయ రహదారి మీద వెనుక నుంచి ఏదో వాహనం గుద్దేసి, ఆగకుండా అనంతపురం వైపు వెళ్ళిపోయింది. ఆయన అక్కడికక్కడే చనిపోయారు. నంబరు చూసినవారు ఎవరూ లేరు. ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వాహనం’ అని రాశారు. పది రోజులైంది, స్టేషనుకు వెళ్ళినప్పుడల్లా ‘చూస్తున్నాం’ అంటున్నారు. నంబరు లేకుండా నిజంగా పట్టుకోగలరా?
— ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: పట్టుకోగలరు. నంబరు తెలియకపోతే పని కష్టమవుతుందే గాని ఆగిపోదు. ఇలాంటి కేసులో దర్యాప్తు అధికారి మొదట వెతికేది డ్రైవరును కాదు, బండిని. అది ఏ రకం బండి, ఏ రంగు, ఎక్కడ దెబ్బ తిని ఉంటుంది అనే సంగతులు చాలావరకు ప్రమాదం జరిగిన చోటనే దొరుకుతాయి. పగిలిన హెడ్‌లైట్ ముక్క మీద కంపెనీ గుర్తో, విడిభాగం నంబరో అచ్చు వేసి ఉంటే ఏ మోడలు బండో తెలుస్తుంది. మీ బావగారి మోపెడ్‌కు అంటిన రంగు పెచ్చు చిన్నదే అయినా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు అది చాలు. లారీలకు పలుమార్లు రంగు వేయిస్తుంటారు కాబట్టి, ఏ రంగు మీద ఏ రంగు పడిందనే పొరల వరుస సాధారణంగా ఒక లారీకి ఉన్నట్టు మరొక లారీకి ఉండదు. అనుమానిత వాహనం దొరికిన తరువాత ఆ పొరలను పోల్చి చూస్తారు. రోడ్డు మీద దొరికిన అద్దం ముక్క అంచు బండికి మిగిలిన అద్దం అంచుతో సరిగ్గా కలిస్తే కోర్టులో దానికి చాలా బలం ఉంటుంది. పోస్టుమార్టంలో కాలి ఎముక నేల నుంచి ఎంత ఎత్తున విరిగిందో నమోదు చేయడం కూడా, గుద్దిన బంపర్ కారుదా లారీదా అని అంచనా వేయడానికి ఉపయోగపడుతుంది, అయితే ఇది నడిచిపోయేవారి విషయంలో పనికొచ్చినంతగా బండి మీద ఉన్నవారి విషయంలో పనికిరాదు.

ఇక బండి ఎటు పోయిందన్న ప్రశ్న. మీ దారిలో ఇది కొంత సులభం. కర్నూలు దాటి అనంతపురం వైపు వచ్చే వాహనం అమకతాడు టోల్ ప్లాజాలోను, తరువాత కాసేపల్లిలోను, అనంతపురం కూడా దాటితే మరూరులోను కెమెరాకు చిక్కుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ ప్లాజాలలో ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో ఏ నంబరు బండి ఏ నిమిషంలో ఏ వరుసలో దాటిందో కంప్యూటరులో ఉంటుంది. ప్రమాదం జరిగిన సమయాన్ని పట్టుకుని, ఆ స్థలం నుంచి తరువాతి టోలుకు చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి, ఆ వ్యవధిలో దాటిన వాహనాల జాబితా తీసి, ముందు భాగం దెబ్బతిన్న బండి ఏదో ఫుటేజీలో ఒక్కొక్కటిగా చూస్తారు. మొదటి టోలు దాటి రెండవ టోలుకు రాని బండ్ల మీద, రావలసిన దానికంటే బాగా ఆలస్యంగా వచ్చిన బండ్ల మీద సహజంగానే అనుమానం ఎక్కువ. అయితే గుత్తి దగ్గర బళ్ళారి వైపు, తాడిపత్రి వైపు రోడ్లు చీలుతాయి. తప్పు చేసిన డ్రైవరుకు టోల్ కెమెరా సంగతి తెలియకుండా ఉండదు. అలా పక్కదారి పట్టాడనిపిస్తే పెట్రోలు బంకులు, ధాబాలు, ఊరి కూడళ్ళలోని దుకాణాల కెమెరాలను వరుసగా చూసుకుంటూ పోవలసిందే. ఈ పనికి తెలివికంటే ఓపిక ఎక్కువ కావాలి. సిబ్బంది తక్కువగా ఉన్న స్టేషనులో దర్యాప్తు చతికిలపడేది కూడా ఇక్కడే.

నంబరు తేలితే, వాహనాల రిజిస్ట్రేషను వివరాలుండే ‘వాహన్’ డేటాబేసులో యజమాని పేరు, చిరునామా, బీమా వివరాలు వెంటనే వస్తాయి. నంబరు సగమే కనిపించినా, మోడలు, రంగు, ఆ సగం నంబరు కలిపి వెతికితే జాబితా బాగా చిన్నదవుతుంది. అదే సమయంలో డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలోను, ముందు అద్దాలు బిగించే దుకాణాలలోను విచారిస్తారు.

మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది, అది ఈ రోజే చేయాలి. దుకాణాలలో ఉండే సీసీ కెమెరా రికార్డరు తన హార్డ్‌డిస్క్ నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసుకుంటుంది. చాలా చోట్ల రెండు మూడు వారాలకు మించి ఏదీ మిగలదు. మీ వాళ్ళు ఆ దారి వెంట తిరిగి ఎక్కడెక్కడ కెమెరాలు రోడ్డు వైపు ఉన్నాయో రాసి, ఆ ఫుటేజీని వెంటనే భద్రపరచవలసిందిగా ఎస్ఐ గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. మీకై మీరు ఫోనులో తీసుకున్న కాపీ దారి చూపడానికే పనికొస్తుంది. కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రంతో పోలీసులే దానిని స్వాధీనం చేసుకోవాలి. మరొక చిన్న సంగతి: ఇలాంటి కెమెరాలలో గడియారం తరచుగా ఐదు పది నిమిషాలు తప్పుగా ఉంటుంది. ఆ తేడాను స్వాధీనం చేసుకునేటప్పుడే పంచనామాలో రాయించకపోతే, టోలు సమయంతో వేసిన లెక్కంతా డిఫెన్సు న్యాయవాది ఒక్క ప్రశ్నతో పడిపోతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు తనిఖీ, క్లూస్ టీమ్ పని పూర్తయ్యే వరకు మోపెడ్‌ను కడగవద్దు, బాగు చేయించవద్దు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఆసుపత్రి వారు మీ చేతికి ఇచ్చి ఉంటే పారేయకుండా పోలీసులకు అప్పగించండి.

ప్రశ్న: మా తమ్ముడు లారీ డ్రైవరు. వాళ్ళ ఓనరుది మరొక లారీ ఒక ముసలాయనను గుద్ది ఆగకుండా వచ్చేసింది. పోలీసులు బండిని గుర్తించారు. నడిపిన కుర్రాడికి లైసెన్సు లేదట. ‘నువ్వు నడిపానని ఒప్పుకో, బెయిలు, ఖర్చులు అన్నీ నేనే చూసుకుంటాను’ అని ఓనరు తమ్ముణ్ణి ఒత్తిడి చేస్తున్నాడు. ఏం చేయాలి?
— ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి. బండి దొరకడంతో సగం పనే అవుతుంది. ఆ సమయంలో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో తేల్చడం రెండవ సగం, ఓనర్లు ఇలాంటి ఎత్తులు వేసేది అక్కడే. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను ప్రకారం, పోలీసులు అడిగినప్పుడు బండి నడిపినది ఎవరో, అతని లైసెన్సు వివరాలేమిటో యజమాని చెప్పి తీరాలి. చెప్పకపోతే 187వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే చాలామంది నోరు మూసుకుని ఉండే బదులు లైసెన్సు ఉన్న మరొకరి పేరు చెబుతారు. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన డబ్బును తిరిగి తమ దగ్గర వసూలు చేస్తుందన్న భయమే వారిని దీనికి పురికొల్పుతుంది.

ఈ అబద్ధం నిలవడం ఇప్పుడు కష్టం. మీ తమ్ముడి ఫోను ఆ సమయంలో ఏ టవరు పరిధిలో ఉందో, ఆ కుర్రాడి ఫోను ఎక్కడ ఉందో కాల్ రికార్డులలో తెలుస్తుంది. టోల్ కెమెరాలో ముందు అద్దంలోంచి ముఖం కనిపించవచ్చు. సరుకు ఎక్కించిన చోట ట్రిప్ షీటు మీద సంతకం, ధాబాలో ఫోన్‌పే చేసిన రెండు టీల డబ్బు, క్లీనరు వాంగ్మూలం, ఇవన్నీ ఒకే మనిషి వైపు చూపిస్తాయి. మీ తమ్ముడు ఆ రోజు మరొక బండి నడుపుతూ మరొక టోలు దాటి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. అప్పుడు ఆయన మీద భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షను కింద, నేరస్థుణ్ణి కాపాడేందుకు తప్పుడు సమాచారం ఇచ్చారనే కేసు రావచ్చు. అబద్ధం బయటపడకపోతే ఇంకా నష్టం. గాయపడిన వ్యక్తి చనిపోతే 106(1) సెక్షను కింద 5 ఏళ్ళ వరకు శిక్ష పడే కేసును ఆయనే మోయాలి, లైసెన్సు కూడా చిక్కులో పడుతుంది. పారిపోయినవారికి 10 ఏళ్ళ వరకు శిక్ష అనే 106(2)ను 2024 జూలై 1న కొత్త చట్టం అమలులోకి వచ్చినప్పుడు ప్రభుత్వం పక్కన పెట్టింది. ‘పెద్ద శిక్ష లేదులే’ అని ఓనరు నచ్చజెప్పేది బహుశా దీన్ని చూపించే కావచ్చు.

ఆ కుర్రాడికి కూడా ఒక మాట చేరవేయండి. జనం కొడతారని భయపడి ఆగకపోవడాన్ని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను కొంతవరకు అర్థం చేసుకుంటుంది. కాని వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలలోపు, దగ్గరలోని పోలీసు స్టేషనులో తెలియజేయాలని కూడా అదే సెక్షను చెబుతుంది. ఆ గడువు దాటిపోయినా, తానే వెళ్ళి లొంగిపోవడం దొరికిపోవడంతో సమానం కాదు.

ప్రశ్న: మా నాన్నగారిని గుద్దిన బండి ఇంతవరకు దొరకలేదు. దొరకకపోతే మాకు ఏమీ రాదా?
— ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం, గుర్తు తెలియని వాహనం వల్ల మరణం సంభవిస్తే 2,00,000 రూపాయలు, తీవ్ర గాయమైతే 50,000 రూపాయలు ఇస్తారు. అంతకు ముందు ఇవి 25,000, 12,500 మాత్రమే. దరఖాస్తును మీ ప్రాంతంలోని విచారణాధికారికి, అంటే సాధారణంగా ఆర్డీఓ లేదా తహసీల్దారు గారికి ఇవ్వాలి. మంజూరు చేసేది జిల్లా కలెక్టరు గారు. కేసు నమోదైన నెలలోపు బండి ఆచూకీ తెలియకపోతే, ఈ పథకం సంగతి బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా తెలియజేయాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీకు అలాంటి కాగితం రాకపోతే ఆ ఆదేశాన్ని ప్రస్తావిస్తూ స్టేషనులో అడగండి. ఈ డబ్బు తీసుకున్నంత మాత్రాన దర్యాప్తు మూసివేయరు. తరువాత బండి దొరికితే మీరు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో పూర్తి పరిహారం కోరవచ్చు, అక్కడ వచ్చే మొత్తంలోంచి ముందు తీసుకున్నది మినహాయిస్తారు. ట్రిబ్యునలు పిటిషనుకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు కాబట్టి, బండి దొరికిందని తెలిసిన వారంలోనే న్యాయవాదిని కలవండి.