పాత పైలట్ల చేతిరాత చూసి మనిషెవరో పట్టుకోవచ్చా?

విమానంలో రాసుకున్న పాత నోట్స్ చూసి అది ఏ పైలట్ రాతో చెప్పగలమా అని కదా ప్రశ్న. చెప్పొచ్చు, కానీ అక్షరాల వంపులు చూసి మాత్రం కాదు. నన్నడిగితే రాతలు పక్కపక్కన పెట్టి పోల్చడం శుద్ధ దండగ.

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు చూడండి, అక్కడ ఒకాయన ప్లాస్టిక్ కవర్లోంచి లాగ్‌బుక్ (పైలట్ తన ప్రతి ప్రయాణం వివరాలు రాసుకునే పుస్తకం) పేజీ ఒకటి తీసి "జేఆర్‌డీ టాటా సొంత రాత సార్, నెట్‌లో ఆయన సంతకంతో చూస్కోండి" అన్నాడు. నేను అక్షరాల జోలికే పోలేదు. పైలట్ కాలమ్‌లో పైనుంచి కిందిదాకా "సెల్ఫ్", అంటే నడిపింది తానేనని, పక్క కాలమ్‌లో వరసకో పేరు, విమానం టైగర్ మాత్ అనే శిక్షణ విమానం, డ్యూటీ దగ్గర పాఠాల నంబర్లు, ఒక్కోటి అరగంటో ముప్పావుగంటో. ఇన్‌స్ట్రక్టర్‌ది కాక ఇంకెవరిది? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేటలో కుర్రాళ్ళకి టైగర్ మాత్‌ల మీదే నేర్పించారు, అక్కడిదే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం. టాటా 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా తెచ్చింది పుస్ మాత్ అనే చిన్న విమానంలో, అదీ ఒక్కడే. మరి ఈ శిష్యులంతా ఎవరయ్యా అంటే "కొనేదుంటే చెప్పండి సార్" అని కవర్ లోపల పెట్టేశాడు.

ఇంకోటి, లాగ్‌బుక్ కిందకి దిగాక తీరిగ్గా కూర్చుని రాసేది, గాల్లో రాసే చీటీ వేరు. 1919లో అల్కాక్, బ్రౌన్ అట్లాంటిక్ దాటినప్పుడు ఇంజన్ల మోతలో మాట వినపడక నావిగేటర్ (దారి లెక్కలు చూసేవాడు) బ్రౌన్ పైలట్ అల్కాక్‌కి రాసి చూపించేవాడు, ఓపెన్ కాక్‌పిట్, గడ్డకట్టే చలి, అలాంటి రాతని ఇంట్లో రాసిన ఉత్తరంతో ఏం పోలుస్తారు చెప్పండి. చూడాల్సింది ఏం రాశాడు, ఏ సీట్లోంచి రాశాడు అని. 1937లో అమెరికన్ పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్ నడిపిన ఎలక్ట్రా విమానంలో మధ్యన పెట్రోలు ట్యాంకులు అడ్డం, వెనక ఆమె నావిగేటర్ నూనన్ లెక్క కట్టి చీటీ రాసి వెదురు కర్రకి తగిలించి ముందుకి పంపేవాడు. దిక్కు, డ్రిఫ్ట్ (గాలికి విమానం పక్కకి జరగడం) గురించిన చీటీ అయితే ముందు నావిగేటర్నే అనుమానించాలి. ఈ వేలం వాళ్ళు మాత్రం పేరున్న మనిషికే కట్టేస్తారు, రేటు పలకాలిగా.

అసలు నా కడుపుమంట వేరే. లాగ్‌బుక్ బైండింగ్ విప్పేసి పేజీకింత అని అమ్మడం ఏంటండీ? వైమానిక దళం వాళ్ళ లాగ్‌బుక్ అయితే నెలాఖరు పేజీలో గంటల మొత్తం, కింద పై అధికారి ఫ్లైట్ కమాండర్ సంతకం, స్క్వాడ్రన్ (ఆయన పనిచేసిన దళం) స్టాంపు ఉంటాయి, అది చేతిలో ఉంటే మనిషి సగం దొరికినట్టే. చింపేశాక ఆ "సెల్ఫ్" ఎవడని చెప్తాం? లామినేషన్ చేయించే మహానుభావులు ఇంకో రకం. మీ ఇంట్లో తాతగారిది ఉంటే అట్టతో సహా అన్ని పేజీలూ ఫోటోలు తీయండి, అన్నదమ్ములు చింపి పంచుకోకండి.