బెడ్‌పాన్ అంటే సిగ్గు, జర్మనీ అంటే ఆశ

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర పల్లె. పాప ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. బీఎస్సీ నర్సింగ్ చేయిస్తే జర్మనీ పంపొచ్చని మా బావమరిది అంటున్నాడు. కానీ బెడ్‌పాన్లు ఎత్తాలి, నైట్ డ్యూటీలు చేయాలి, రేపు సంబంధాలు వస్తాయా అని ఇంట్లో ఒకటే టెన్షన్. దీనికంటే బీఫార్మసీ నయమా? రెండూ పోల్చి చెప్పండి మేడం.

జవాబు: అన్నా, ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఒకసారి మక్తల్ నుంచి వస్తుంది, ఇంకోసారి హాలియా నుంచి, లోపలి మాట మాత్రం ఒకటే. నలుగురు ఏమంటారోనని మీ భయం, బీఫార్మసీ పేరు మధ్యలో ఊరికే వచ్చింది. అందుకే ముందు ఆ బెడ్‌పాన్, అంటే మంచం దిగలేని రోగికి మలమూత్రాల కోసం పెట్టే పాత్ర, దాని సంగతే మాట్లాడుకుందాం.

మొదటి సంవత్సరంలో నర్సింగ్ ఫౌండేషన్స్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. పక్క వేయడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం అందులోనే నేర్పిస్తారు. మీకు అది ఆయమ్మ పనిలా కనిపిస్తుంది. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర తోలు కందిపోయి పుండు పడుతుంది, ఒళ్ళు తుడిచే నర్సుకే ఆ ఎరుపు అందరికంటే ముందు కనిపిస్తుంది. మూత్రం ఎంత వచ్చింది, ఏ రంగులో వచ్చిందన్నది కొలిచి రాస్తేనే కిడ్నీలు ఎలా ఉన్నాయో డాక్టరుకు అంచనా దొరుకుతుంది. చూడటం, లోపం ఎక్కడుందో గుర్తుపట్టడం, ఏం చేయాలో అనుకోవడం, చేయడం, చేసినదానికి ఫలితం ఉందో లేదో మళ్ళీ చూడటం: నర్సింగ్ ప్రాసెస్ అని పుస్తకంలో రాసేది ఇదే.

మా నాన్నకు ఆపరేషన్ అయిన మూడో రాత్రి బీపీ బాగానే ఉంది, జ్వరం లేదు, మేమందరం పడుకున్నాం. డ్యూటీలో ఉన్న అమ్మాయికి ఇరవై మూడేళ్లుంటాయేమో, చేతి గడియారం చూసుకుంటూ ఆయన ఛాతీ వైపే నిండా ఒక నిమిషం చూసింది. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, ఆయన 28 సార్లు తీస్తున్నారు. వెంటనే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి, ఎవరు, ఏ బెడ్, ఏం ఆపరేషన్, ఇప్పుడు ఏం మారింది, మీరు రావాలి సార్ అని అర నిమిషంలో చెప్పేసింది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ మొదలైందని తెల్లారి తేలింది. ఊపిరి లెక్కపెట్టకుండానే చార్టులో 20 అని రాసేసేవాళ్లనూ నేను చూశాను, కాబట్టి ఆ ఒక్క నిమిషం విలువ నాకు బాగా తెలుసు.

లెక్కలు రావు కాబట్టి నర్సింగ్ అనేవాళ్లకు ఇంకో మాట. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు ఇస్తుంది, అంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఈ లెక్క వార్డులో నిలబడి వేయాలి. మందు ఇచ్చే ప్రతిసారీ రోగి ఎవరు, మందు ఏది, ఎంత, ఏ దారిన (నోటితోనా, సూదితోనా), ఏ టైముకు అని సరిచూసుకోవాలి. మన దవాఖానల్లో పక్కపక్క బెడ్ల మీద ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం వింతేమీ కాదు మరి.

ఇక జర్మనీ. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. అక్కడ నర్సుల కొరత నిజం, జీతాలూ నిజమే. కానీ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే తడుముకోకుండా మాట్లాడగలిగేంత, రావాలి, మన డిగ్రీని వాళ్లు పరిశీలించి తక్కువపడితే అక్కడ పరీక్షో ట్రైనింగో పెడతారు, అది పూర్తయ్యేదాకా సహాయకురాలి పని, ఆ జీతమే. అన్నిటికంటే ముఖ్యమైనది మీ బావమరిది చెప్పి ఉండడు. మన దగ్గర రోగి పక్కన చుట్టమో ఆయమ్మో ఉంటుంది. అక్కడ అలా ఉండరు, ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, డైపర్ మార్చడం నర్సు పనిలో భాగమే. నారాయణపేటలో సిగ్గనిపించిన పనిని యూరోల్లో జీతమిస్తే గొప్పగా చెప్పుకుంటారా అన్నా? కోపం తెచ్చుకోకండి, కానీ ఆలోచించండి. తాతల కాలంలో కూలీలను పోగుచేసే మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెట్టి పాలమూరు మనుషుల్ని బొంబాయికి ఎలా తీసుకెళ్లాడో మీ ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఇప్పుడు ఏజెంటు ఫ్రీగా భాష నేర్పిస్తామని బాండు మీద సంతకం పెట్టమంటే, అది చదవకుండా పెట్టకండి. పంపే ఉద్దేశమే ఉంటే విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి, ప్రైవేటు ఏజెంటైతే లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడండి. ఏం చేసినా డిగ్రీ చేతికొచ్చి, కొంత వార్డు అనుభవం వచ్చాకే. ఇప్పుడే కాదు.

పోల్చి చెప్పమన్నారు కదా. బీఫార్మసీ కూడా నాలుగేళ్లే. పోలేపల్లి ఫార్మా కంపెనీల్లాంటి చోట్ల ప్రొడక్షన్, క్వాలిటీ ఉద్యోగాలుంటాయి, షాపు పెట్టుకోవచ్చు. కెమిస్ట్రీ ఇష్టమైన పిల్లకు మంచిదే. నైట్ షిఫ్ట్ ఉండదనుకుని మాత్రం చేర్పించకండి, ప్రొడక్షన్‌లో అదీ ఉంటుంది.

నర్సింగే అనుకుంటే కాలేజీ బిల్డింగ్ చూసి మురిసిపోకండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో పేరుందా, పిల్లల్ని ఏ దవాఖానకు పంపుతారు, అందులో నిజంగా రోగులున్నారా అని అడగండి. ఖాళీ మంచాల మీద ఎవరికీ పని రాదు. పాప రక్తం చూసి మొదట్లో కళ్లు తిరిగి పడినా కంగారు వద్దు, అలా పడ్డవాళ్లు తర్వాత ఐసీయూలు నడపడం చూశాను.

సంబంధాల గురించి నన్నడగకండి, ఇంటర్ పాసైన పిల్లకు ఆ టెన్షన్ ఇప్పుడెందుకు? మీరు ఇంత రాశారు, బావమరిది మాట రాశారు, నలుగురి మాట రాశారు. పాప ఏమంటుందో ఒక్క ముక్క రాయలేదు. తనను కూర్చోబెట్టి అడిగి మళ్లీ రాయండి. వీలైతే తననే రాయమనండి.