టర్కిష్‌లో ‘కంటే’, ‘ఇంకా’, ‘అంత’ ఎలా చెప్పాలి?

నెల రోజులుగా టర్కిష్ నేర్చుకుంటున్నానని, ‘దానికంటే ఇది పెద్దది’ అనబోతే మాటల వరుస తప్పిపోతోందని అడిగారు. మొదట్లో నాకూ అదే అయింది. ఇంగ్లీషులో అనుకుని టర్కిష్‌లోకి మార్చడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. నేరుగా తెలుగు వరుసలో చెప్పి చూడండి.

‘టీ కాఫీ కంటే చౌక’ అనడానికి ‘చాయ్ కహ్వెదెన్ ఉజుజ్’ అంటే చాలు. కహ్వె అంటే కాఫీ, ఉజుజ్ అంటే చౌక. మన ‘కంటే’ వచ్చే చోటే ‘దెన్’ వచ్చింది. విశేషణం మనలాగే ఏమీ మారదు.

ఈ ‘దెన్’ మాత్రం ముందున్న మాటను బట్టి మారుతుంది. చివరి అచ్చు అ, ఒ, ఉ, లేదా చుక్క లేని ‘ఐ’ అయితే ‘దన్’: అంకారాదన్, ఇస్తాన్‌బుల్‌దన్. ఎ, ఇ, రెండు చుక్కల ‘ఓ’, ‘యూ’ అయితే ‘దెన్’: ఇజ్మీర్‌దెన్. మాట క, ట, ప, స లాంటి హల్లుతో ముగిస్తే ‘తన్’, ‘తెన్’ అవుతాయి: ఉచాక్‌తన్, అంటే విమానం కంటే.

ఇక ‘దహా’. దీన్ని ‘ఇంకా’ అనుకోండి. ఇస్తాంబుల్‌లో ఒక చెప్పుల షాపులో చిన్న సైజు కావాలని, చేతిలో ఉన్న జత చూపించి ‘క్యుచుక్’ అన్నాను. ‘ఇది చిన్నదైంది’ అన్నట్టు అర్థమై, ఆయన అంతకన్నా పెద్దది తెచ్చిపెట్టాడు. ‘దహా క్యుచుక్’ అనాల్సింది. తర్వాత ‘బిరాజ్ దహా క్యుచుక్’ అన్నాను, అచ్చంగా మన ‘ఇంకొంచెం చిన్నది’. సరిపోయే జత వెంటనే వచ్చింది. ‘బిర్ చాయ్ దహా’ అంటే ఇంకో టీ, ‘దహా గెల్మెది’ అంటే ఇంకా రాలేదు. ఒక్క ‘ఇంకా’తో ఇన్ని పనులు అక్కడా జరుగుతాయని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో!

‘అన్నిటికంటే’ అనడానికి విశేషణం ముందు ‘ఎన్’ పెట్టాలి. ‘తుర్కియెనిన్ ఎన్ బుయుక్ గొలు’ అంటే టర్కీలోకెల్లా పెద్ద సరస్సు, అది వాన్ సరస్సు. సరస్సు మామూలుగా ‘గొల్’. ఇక్కడ చివర చేరిన ‘ఉ’ని మర్చిపోకండి, కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసేది దాన్నే.

సమానమని చెప్పడానికి ‘కదర్’. ‘అలీ కదర్ ఉజున్’ అంటే అలీ అంత పొడుగు. ‘నువ్వు అంత’ అనకుండా ‘నీ అంత’ అంటాం కదా, వాళ్ళూ ‘సెన్ కదర్’ అనరు, ‘సెనిన్ కదర్’ అంటారు. ‘నా అంత’కి ‘బెనిమ్ కదర్’. అదే ‘నీకంటే’ అయితే ‘సెన్‌దెన్’, ‘నాకంటే’ అయితే ‘బెన్‌దెన్’.