రిఫరీ మీద కోపం ఇంట్లోవాళ్ళ మీద చూపిస్తే ఎలా?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి ఒకే ఫుట్‌బాల్ క్లబ్‌కి అభిమానిని. ఈ సీజన్‌లో మా జట్టు వరసగా ఓడిపోతోంది, అందులో సగం రిఫరీల పుణ్యమే. మొన్న మ్యాచ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా బంతి మా డిఫెండర్ చేతికి తగిలిందని, వీడియో చూసి మరీ పెనాల్టీ ఇచ్చారు. ఆ కోపంలో రిమోట్ తీసి గోడకేసి కొట్టాను, సర్దిచెప్పబోయిన మా ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టాను. చేయి మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు. ఓడిపోయాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. మా ఆవిడకి ఫుట్‌బాల్ అస్సలు పట్టదు, అయినా ప్రతి మ్యాచ్‌కీ మధ్యలో గుమ్మం దాకా వచ్చి స్కోరు ఎంత అని అడిగి వెళ్తుంది. ఇప్పుడు మ్యాచ్‌లే పూర్తిగా మానేయమంటోంది. ఎందుకంటే మా పదేళ్ళ బాబు స్కూల్లో ఆడుతూ, రిఫరీగా ఉన్న సార్‌ని 'అమ్ముడుపోయాడు' అన్నాడట, స్కూల్ నుంచి మాకు పిలుపొచ్చింది. అప్పుడప్పుడు చిన్న చిన్న పందేలు కాస్తాను, అంతకుమించి నాకు వేరే అలవాట్లేవీ లేవు. కళ్ళెదుట అన్యాయం జరుగుతుంటే కోపం రావడం తప్పా?

జవాబు: కోపం రావడం తప్పు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. 'ఆటే కదా, వదిలెయ్' అనేవాళ్ళు మీ చుట్టూ చాలామందే ఉండి ఉంటారు, ఆ మాట వింటే ఒళ్ళు ఇంకాస్త మండుతుందే తప్ప ఎవరికీ కోపం తగ్గదు. చిన్నప్పటి నుంచి మనసు పెట్టుకున్న జట్టు ఓడితే బాధ ఉంటుంది, ఒక్క ఈలతో ఓడిపోతే మరీ ఉంటుంది. అసలు ఫుట్‌బాల్లో గోల్స్ పడేదే తక్కువ. 2022 ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌లకి కలిపి 172 గోల్స్ వచ్చాయి, అంటే మ్యాచ్‌కి సగటున మూడు కూడా లేవు. అలాంటి ఆటలో ఒక తప్పుడు పెనాల్టీ అంటే చాలాసార్లు మ్యాచ్ మొత్తం పోయినట్టే.

రిఫరీలు తప్పులు చేస్తారన్నది కూడా మీ భ్రమ కాదు. 1986లో మెక్సికోలో జరిగిన ప్రపంచకప్‌లో అర్జెంటీనా ఆటగాడు మారడోనా చేత్తో నెట్టిన బంతిని గోల్‌గా ఇచ్చేశారు, ఆ మ్యాచ్‌తో ఇంగ్లండ్ ఇంటిదారి పట్టింది. 2009లో థియరీ ఆన్రీ చేత్తో బంతిని ఆపి ఇచ్చిన పాస్‌తో ఫ్రాన్స్ గోల్ కొట్టింది, ఐర్లండ్ ప్రపంచకప్ ఆశ అక్కడితో ఆవిరైపోయింది. 2010 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడటం లోకమంతా చూసింది, గోల్ మాత్రం ఇవ్వలేదు. ఆ గొడవంతా అయ్యాక 2012లో గానీ, బంతి గీత దాటిందో లేదో చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి రాలేదు. పోనీ వీడియో రిఫరీలు వచ్చాకైనా తప్పులు ఆగాయా అంటే, 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్‌తో ఆడుతూ లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన సరైన గోల్‌ని ఆఫ్‌సైడ్ అని, అంటే పాస్ వదిలేటప్పటికే అతను డిఫెండర్ల కంటే ముందున్నాడని కొట్టేశారు. వీడియో గదిలో కూర్చున్నాయన, మైదానంలో గోల్ ఇచ్చారనుకుని 'చెక్ అయిపోయింది' అనేశాడు. పొరపాటు తెలిసేసరికి ఆట మళ్ళీ మొదలైపోయింది, వెనక్కి వెళ్ళడానికి రూల్స్ ఒప్పుకోవు. ఆ గదిలో మాటల రికార్డింగ్‌ని తర్వాత రిఫరీల సంస్థే బయటపెట్టింది. వీలైతే ఒకసారి వినండి. నాకైతే అందులో కుట్ర ఎక్కడా వినపడలేదు, కంగారే వినపడింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తప్పు చేయడానికీ అమ్ముడుపోవడానికీ చాలా దూరం ఉంది, మీరు మాత్రం ఆ రెండింటినీ ఒకే నోటితో అనేస్తున్నారు. అమ్ముడుపోయినవాళ్ళు అసలే లేరని అనను. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ అనే రిఫరీ డబ్బు తీసుకుని మ్యాచ్‌లు తారుమారు చేశాడని 2005లో బయటపడింది, జైలుశిక్ష కూడా పడింది. అతన్ని పట్టించింది సాటి రిఫరీలే. వెనకుండి నడిపించింది పందేల ముఠా. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దాని సంగతికి వస్తాను.

మీ పెనాల్టీ సరైనదా కాదా అని నేను తేల్చను, మనకి దానితో పని లేదు. కానీ ఒక్క సంగతి చెప్పాలి. చేతికి తగిలిన ప్రతి బంతీ హ్యాండ్‌బాల్ కాదు. కావాలని తగిలించాడా, చేయి ఉండకూడని చోట చాచి ఒంటిని పెద్దది చేశాడా అన్నది చూస్తారు. ఆ 'ఉండకూడని చోటు' ఏదన్నది సగం రిఫరీ అంచనాయే. అలాంటిచోట పది స్లోమోషన్‌లు చూపించినా రెండు జట్లవాళ్ళూ ఒకే మాట మీదకి రారు. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య గొడవలతో నిండిన ఒక మ్యాచ్ జరిగింది. అది వాళ్ళ తరహా ఫుట్‌బాలే అనుకోండి, మనిషి కళ్ళు ఎక్కడైనా ఒకటేగా. తర్వాత ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు కాలేజీల విద్యార్థులకీ ఒకే ఫిల్మ్ చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ పిల్లలకి రెట్టింపు కంటే ఎక్కువ కనపడ్డాయి. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు, వాళ్ళకి నిజంగానే అలా కనపడింది. మీకు కూడా నిజంగానే అలా కనపడుతోంది.

రిఫరీ కళ్ళు కూడా మనిషి కళ్ళే. ఇంగ్లండ్‌లో రిఫరీలకి ఒకే వీడియో ముక్కల్ని కొందరికి జనం అరుపులతో, కొందరికి శబ్దం లేకుండా చూపించి 2002లో ఒక పరిశోధన వెలువరించారు. అరుపులు విన్నవాళ్ళు సొంత మైదానం జట్టు మీద ఫౌల్స్ తక్కువగా ఇచ్చారు. కాబట్టి బయటి మైదానాల్లో మా జట్టుకి అన్యాయం జరుగుతోందని మీరంటే కొట్టిపారేయను. కాకపోతే మీ జట్టు సొంత మైదానంలో ఆడేటప్పుడు ఆ లాభం మీకూ వస్తుంది. వచ్చిన పెనాల్టీల ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, పోయినవే ఉన్నాయి.

సరే, రిఫరీది వంద శాతం తప్పే అనుకుందాం. ఆ తప్పుకి జరిమానా ఎవరు కడుతున్నారు? రిఫరీకి మీరున్నారనే తెలియదు. మీ ఆవిడా, మీ బాబూ కడుతున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

ఆవిడ గుమ్మం దాకా వచ్చి స్కోరు అడిగి వెళ్తుందని రాశారు కదా, మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన వాక్యం అదే. ఆట పట్టని మనిషికి స్కోరు ఎందుకు? గెలుస్తున్నారంటే పిల్లాణ్ణి ఇక్కడే ఆడుకోనివ్వచ్చు, ఓడిపోతున్నారంటే లోపలికి పిలుచుకోవాలి. తుఫాను కబురు కనుక్కున్నట్టు, ఆవిడ ఈ పూట ఇంట్లో పరిస్థితి ఎలా ఉండబోతోందో కనుక్కుంటోంది. మీరిది గమనించలేదని అర్థమవుతోంది, ఎందుకంటే ఏదో ముచ్చటగానే రాశారు.

చేయి చేసుకోలేదన్నారు. మంచిదే, కానీ అక్కడితో నిశ్చింతగా ఉండకండి. గోడకి తగిలిన రిమోట్‌ని చూసిన మనిషికి, అది తన పక్కనుంచే వెళ్ళిందని తెలుసు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ పోలీసు రికార్డులు తీసి 2002, 2006, 2010 ప్రపంచకప్‌ల మీద ఒక అధ్యయనం చేశారు. ఇంగ్లండ్ ఓడిన రోజుల్లో ఇళ్ళలో హింస కేసులు 38 శాతం పెరిగాయి, గెలిచినా డ్రా అయినా కూడా 26 శాతం పెరిగాయి. ఆ మగవాళ్ళలో మొదటిసారి చేయెత్తేదాకా 'నేనలాంటివాణ్ణి కాదు' అనుకున్నవాళ్ళు ఎంతమందో! ఎప్పుడైనా మీ చేయి లేవబోతోందనిపిస్తే ఆ నిమిషమే బయటికి నడవండి, మర్నాడే దగ్గర్లో ఉన్న కౌన్సెలర్‌ని నేరుగా కలవండి. అది ఉత్తరాలతో అయ్యే పని కాదు.

మ్యాచ్‌లు పూర్తిగా మానేయమని మాత్రం నేను చెప్పను. మానేస్తే మీరు ఆ కసి కూడా ఆవిడ మీదే పెట్టుకుంటారు, పైగా ఫోన్‌లో చాటుగా చూస్తారు. చూడండి, కానీ ఇప్పుడు చూస్తున్న పద్ధతిలో వద్దు. వీడియో చెక్ అని రిఫరీ చెవి మీద చేయి పెట్టుకోగానే మీరు లేచి ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి. అక్కడ కూర్చుని ఒకే ముక్కని ఎనిమిదిసార్లు చూడటం వల్ల నిర్ణయం మారదు, మీ బీపీ మారుతుంది. వాళ్ళు తేల్చాక ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు వెళ్ళండి. చివరి ఈల పడగానే టీవీ కట్టేయండి. మ్యాచ్ తర్వాత నలుగురు కూర్చుని ఆ పెనాల్టీనే తిప్పి తిప్పి చర్చిస్తారే, దాని జోలికి పోవద్దు. ఫోన్‌లో మీలాగే మండిపోతున్నవాళ్ళ పోస్టులు చదవడం పుండు మీద కారం చల్లుకోవడమే. కనీసం ఆ రాత్రికి వద్దు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడిచి రండి, ఒంట్లో ఆ వేడి దిగాలి.

రెండు రోజుల మౌనం సంగతి. మీకది బాధ దిగమింగడంలా ఉండొచ్చు, ఇంట్లోవాళ్ళకి మాత్రం అది శిక్ష, తాము చేయని తప్పుకి. ఓటమి బాధ గెలుపు సంతోషానికి దాదాపు రెట్టింపు ఉంటుందని బ్రిటన్‌లో ఫుట్‌బాల్ అభిమానుల మీద 2018లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అంటే సగం మ్యాచ్‌లు గెలిచినా మీ లెక్క నష్టంలోనే ఉంటుంది. ఏ జట్టు పట్టుకున్నా అంతే, అందుకే బాధ తగ్గాక మాట్లాడదాంలే అని కూర్చోకండి. 'ఓడిపోయాం, మనసు బాలేదు, ఓ గంట నన్ను వదిలెయ్యి' అని నోరు విప్పి చెప్పండి. ఆ గంట అయ్యాక లేచి వచ్చి మామూలుగా మాట్లాడండి. మనస్ఫూర్తిగా రాకపోయినా సరే, మాట్లాడండి.

బాబు విషయం నాకు అన్నిటికంటే టెన్షన్‌గా ఉంది. వాణ్ణి తిట్టి ఉంటారేమో, తిట్టకండి. ఆ మాట వాడికి ఎక్కడిదో మీ ఇద్దరికీ తెలుసు. 'ఆ మాట నువ్వు నా దగ్గర నేర్చుకున్నావు, నేనలా అనకుండా ఉండాల్సింది' అని వాడితో మీరే చెప్పండి. తర్వాత వాడితో కలిసి ఆ సార్ దగ్గరికి వెళ్ళండి, వాడు ఒక్కడే వెళ్ళి సారీ చెప్పేలా చేయొద్దు. ఇంకో పని కూడా చేస్తే బాగుంటుంది. పిల్లలు ఆడుకునేటప్పుడు ఒక్కసారి ఈల మీరు పట్టుకోండి. బంతి ఒకడి కాలి నుంచి వదిలిన క్షణమూ, దూరంగా ఇంకొకడు డిఫెండర్ కంటే ముందున్నాడా లేదా అన్నదీ ఒకేసారి చూడాలి, ఆ రెండూ ఒక కంట్లో పట్టవు. ఏదో ఒకటి చెప్పాలి, వెంటనే చెప్పాలి. మీరు ఏది చెప్పినా సగంమంది పిల్లలు మీ మీద పడతారు. అందులో మీ వాడూ ఉంటాడు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు మీ ఇద్దరి మధ్యా జరిగే మాటలు నేను చెప్పే ఏ సలహా కంటే బాగా పనిచేస్తాయి.

ఇక పందేలు. ఉత్తరం చివర 'చిన్న చిన్న పందేలు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను తేల్చలేను. ఆ పెనాల్టీకి జట్టుతో పాటు మీ డబ్బు కూడా పోయిందా? రిమోట్ విసిరిన రోజు పందెం కాశారా? ఈ సీజన్‌లో వరసగా ఓడిపోతున్నారన్నారు, మరి పోయినవి రాబట్టుకోవాలని పందెం పెంచుతూ వచ్చారా? జవాబులు నాకు రాయక్కర్లేదు, మీకు మీరు చెప్పుకుంటే చాలు. డబ్బు పెట్టినవాడికి రిఫరీ ఈల ఇంకోలా వినపడుతుంది. అప్పటిదాకా పొరపాటుగా కనపడినది దోపిడీలా కనపడుతుంది, అప్పుడు నోట్లోంచి 'అమ్ముడుపోయాడు' అన్న మాట దానంతటదే వస్తుంది.

కాబట్టి తర్వాతి మ్యాచ్ లోపల ఒక పని చేయండి. ఇప్పటిదాకా ఎంత కాశారో, ఎంత పోయిందో, ఎవరికైనా అప్పు ఉంటే అదెంతో, ఒక కాగితం మీద రాసి మీ ఆవిడకి చూపించండి. ఫోన్‌లో పందేల యాప్ ఉంటే ఆవిడ ముందే తీసేయండి. కాగితం చూపించడానికి కాళ్ళాడకపోతే, లేదా యాప్ తీసేశాక రెండో మ్యాచ్‌కే మళ్ళీ పెట్టుకోవాలని చేయి లాగుతుంటే, మీరనుకున్నట్టు అవి చిన్న పందేలు కావు, ఈ వ్యసనానికి చికిత్స చేసే డాక్టర్‌ని ఇద్దరూ కలిసి వెళ్ళి కలవండి.