కీమో తర్వాత జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు

అమ్మా లక్ష్మీ,

అల్లుడికి రెండో కీమో అయిందనీ, వినుకొండ తీసుకొచ్చేశారనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను. క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినన్నాళ్లూ నాకు మందు ఎక్కించే రోజు కంటే, మనిషి ఇంటికెళ్లాక వచ్చే రెండో వారమంటేనే ఎక్కువ భయం. చాలా రకాల కీమోల్లో 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ తేదీలు ఇప్పుడే క్యాలెండర్లో గుర్తు పెట్టుకో.

రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టులో మొత్తం తెల్లకణాల అంకె చూసి ఊరుకోకు. దాన్ని న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణాలు) శాతంతో గుణించి, 100తో భాగించు. తెల్లకణాలు 1800, న్యూట్రోఫిల్స్ 20 శాతం ఉంటే వచ్చేది 360. అది 500 కంటే తగ్గిందంటే ఒంట్లో కాపలా లేనట్టే.

అప్పుడు చాలాసార్లు జ్వరం ఒక్కటే మనకు తెలిసే ఆనవాలు. పుండు చీము పట్టాలన్నా ఆ కణాలే ఉండాలి కదా! అవి లేనప్పుడు ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతున్నా మనిషి పైకి బాగానే ఉంటాడు, అన్నం తింటాడు, కబుర్లు చెబుతాడు. తర్వాత కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు. అందుకే డిజిటల్ థర్మామీటరు కొని పొద్దునా సాయంత్రం చూడు. వేడి కాఫీ తాగిన వెంటనే నోట్లో పెట్టకు, కాసేపు ఆగు. 100.4 ఫారెన్‌హీట్ గానీ ఆపైన గానీ చూపించిందా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరు. చలీ వణుకూ వస్తే, ఆయాసం వస్తే, మనిషి మగతగా ఉంటే, థర్మామీటరులో ఏమీ లేకపోయినా బయల్దేరు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే జ్వరం పైకి తెలియకపోవచ్చు.

డాక్టరుతో మాట్లాడకుండా పారాసెటమాల్ వెయ్యొద్దు. జ్వరం దిగుతుంది, లోపలి జబ్బు దిగదు, విలువైన రాత్రి పోతుంది. మన ఊళ్లలో ముందు ఆర్‌ఎంపీని పిలిచి తుంటికి సూది వేయించడం అలవాటు. ఆ పని అసలు వద్దు. ప్లేట్‌లెట్లు కూడా తక్కువుంటే సూది వేసినచోట లోపల రక్తం చేరి వాస్తుంది.

గుంటూరు ఆసుపత్రికి చేరాక క్యాజువాల్టీలో వరసలో కూర్చోకు. "కీమో పేషెంటు, ఫలానా తేదీన కీమో అయింది, ఇప్పుడు జ్వరం" అని మొదటి మాటగానే చెప్పు. కల్చర్‌కి, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి, రక్తం తీసి, వచ్చిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా మందు ఆపరు. ఆలస్యమవుతుంటే మళ్లీ మళ్లీ అడుగు. మొహమాటపడే వేళ కాదది.

తెల్లకణాల కౌంట్ పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఫ్రిజ్‌లోనే ఉంచు, గడ్డకట్టే అరలో కాదు. అది వేశాక ఎముకల నొప్పులు రావడం మామూలే. నొప్పి మాత్ర మాత్రం అడిగే వెయ్యి, అందులోనూ పారాసెటమాల్ ఉండొచ్చు.

తిండి విషయంలో పథ్యం పేరుతో అతన్ని మాడ్చకు. వేడివేడిగా వండింది, బాగా ఉడికిన గుడ్డు, పప్పు పెట్టు. రోడ్డు మీద కోసిపెట్టిన పండ్లు, చెరకు రసం వద్దు. వీటన్నిటికంటే ముఖ్యం చేతులు సబ్బుతో కడగడం, అతనూ నువ్వూ పిల్లలూ. పళ్లు తోముకోడానికి మెత్తటి బ్రష్ కొను. మలబద్ధకమైతే ఎనిమా ఇవ్వొద్దు, డాక్టరునే అడుగు.

పరామర్శకు వచ్చేవాళ్లను గుమ్మంలోనే పలకరించి పంపెయ్. ఏమన్నా అనుకుంటే నామీద చెప్పు. జలుబున్నవాళ్లు, ఆటలమ్మ పోసిన పిల్లలు అసలు రాకూడదు.

రాత్రిపూట పిలిస్తే వచ్చే కారు డ్రైవర్ల నంబర్లు రెండు రాసిపెట్టుకో, 108 ఎలాగూ ఉంది. డిశ్చార్జి కాగితాలు, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, రిపోర్టులు ఒకే సంచిలో తలుపు పక్కన పెట్టు. ఈ వారం సీబీపీ చేయించి, అంకెలు నాకు వాట్సాప్‌లో పంపు.

మీ పెద్దమ్మ