గ్యాస్ కొట్టించే ముందు ఆ టక్కు చప్పుడు విను

అల్లుడూ,

ఫోనులో అంతా చెప్పడం కుదర్లేదు. పక్కన మీ అత్తయ్య టీవీ, ఇటు నా చెవి సంగతి నీకు తెలిసిందే. అందుకే రాస్తున్నాను.

రామగుండం ఎండలో బండి తిప్పుతున్నావు. మొన్నటిదాకా బాగానే ఉన్న ఏసీ పొద్దున్న బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వీధి చివర షెడ్డతను బానెట్ అయినా ఎత్తకుండా "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టించేద్దాం" అన్నాడు. ఆ డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉండనీ.

వాడేకొద్దీ అయిపోవడానికి గ్యాస్ ఏమన్నా పెట్రోలా? అవే గొట్టాల్లో తిరిగి తిరిగి మొదటికొస్తుంది. రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) సీలులోంచి ఏళ్ళ మీద కాస్త కాస్త పోతుంది, నిజమే. అప్పుడు చల్లదనం రోజురోజుకీ తగ్గుతూ వస్తుంది. రాత్రి వణికించిన ఏసీ తెల్లారేసరికి చచ్చిందంటే నేనైతే ముందు కరెంటునే అనుమానిస్తాను.

మొదట ఒకటి చెప్పు, గాలి వస్తోందా? లోపలికి గాలి ఊదే ఫ్యాను, అదే బ్లోయర్, సున్నాలో ఉంటే బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏసీ పడదు. నవ్వకు, ఇంత మాత్రానికే బండి తోసుకొచ్చినవాళ్ళు ఉన్నారు. గాలే రాకపోతే జబ్బు బ్లోయర్‌ది: ఫ్యూజో, మోటారో. నాలుగో స్పీడులో మాత్రమే గాలి వచ్చి మిగతా మూడింట్లో రాకపోతే, స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలింది. అది చిన్న ఖర్చు.

గాలి వస్తూ, చల్లదనం మాత్రం లేకపోతే అసలు పని అక్కడుంది. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తు. కండువా, వేలాడే చొక్కా అంచు ఫ్యాను దగ్గరికి పోనీకు. ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, చెప్పి రాదు. అమ్మాయిని లోపల కూర్చోబెట్టి బటన్ నొక్కమను. నువ్వు కంప్రెసర్‌నే చూడు. బెల్టు పట్టిన పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు పళ్ళెంలా ఒక రేకు ఉంటుంది, అదే క్లచ్. బటన్ నొక్కగానే 'టక్' మని ఆ పళ్ళెం పుల్లీకి అతుక్కుని కలిసి తిరగాలి. ఆ క్షణంలో ఇంజిన్ కూడా కొంచెం బరువెక్కినట్టు మూలుగుతుంది. (కొత్త బండ్లు కొన్నిటికి ఈ క్లచ్చే ఉండదు. నీది పాత బండి, ఉంటుంది.)

టక్కు వినిపించి, పళ్ళెం తిరిగి, అయినా చల్లగా లేకపోతే అప్పుడు గ్యాస్ మాట ఎత్తు. టక్కు లేకపోతే ఫ్యూజు బాక్సు తెరువు. మూత వెనక బొమ్మ ఉంటుంది. ఏసీ ఫ్యూజు పీకి వెలుతురుకి పట్టి చూడు, లోపలి తీగ తెగి ఉంటే కనిపిస్తుంది. 10 ఆంపుల ఎర్రది పోతే 10 ఆంపులదే పెట్టు. దొరకలేదని పసుపుది, 20 ఆంపులది, దోపావంటే ఈసారి కాలేది వైరింగే. పెట్టగానే మళ్ళీ పోతే ఎక్కడో షార్టుంది. అక్కడితో నీ పని ఆపేసి మెకానిక్ దగ్గరికి పో.

ఫ్యూజు బాగుంటే రిలే, అంటే కరెంటుని కలిపి విడదీసే చిన్న డబ్బా స్విచ్చు. హారన్ రిలే మీద, ఏసీ రిలే మీద ఒకే నంబరు ఉంటే ఒకదాని చోట ఒకటి మార్చి చూడు. ఏసీ పడి హారన్ మూగబోతే దొంగ దొరికాడు.

ఈ కరెంటు సంగతిలోనే నాకు ఒకసారి పరువు పోయింది. ఆటోనగర్‌లో చేతికి కొత్తగా పానా వచ్చిన రోజులు. ఒక పెద్దాయన బండి వస్తే, క్లచ్ పట్టట్లేదని కంప్రెసర్ మొత్తం దింపి వేరేది ఎక్కించాను. బటన్ నొక్కాను. టక్కు లేదు. చెమటలు పట్టాయి. మా మేస్త్రీ వచ్చి, మాటైనా అనకుండా, బ్యాటరీ కింద చెయ్యి పెట్టి ఒక వైరు పైకి లాగాడు. ఎలుక కొరికి, రాగి తీగ నాలుగు పోగుల మీద వేలాడుతోంది. పాత కంప్రెసర్ మళ్ళీ ఎక్కించి ఇచ్చాను, కూలి అడగలేదు. నీ బండి వారం రోజులు షెడ్డులో ఆగి ఉందన్నావుగా. వైర్ల మీద పళ్ళ గాట్లు, మూలల్లో ఎలుక పెంటికలు ఉన్నాయేమో టార్చి వేసి చూడు.

మీటరు పట్టడం వస్తే, ఇంజిన్ ఆపి క్లచ్ ప్లగ్గు ఊడదీసి, మీటరు వైర్లు ఆ ప్లగ్గులో బండి నుంచి కరెంటు వచ్చే వైపుకి తగిలించి పక్కకి కట్టు. తర్వాత ఇంజిన్, ఏసీ వేసి చూడు. దారి రెండుగా చీలేది ఇక్కడే. 12 వోల్టులు వస్తుంటే తప్పు క్లచ్‌ది. పళ్ళాన్ని లాగి పట్టే తీగచుట్ట, అదే కాయిల్, మామూలుగా 3 నుంచి 5 ఓములు చూపిస్తుంది, అసలేమీ చూపకపోతే తెగింది. కాయిల్ బాగుండీ పొద్దున పట్టి, మధ్యాహ్నం బండి వేడెక్కాక వదిలేస్తుంటే, పళ్ళేనికీ పుల్లీకీ మధ్య సందు అరిగి పెరిగిందన్నమాట. లోపలి సన్న వాషరు ఒకటి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. దానికి కొత్త కంప్రెసర్ అంటగట్టేవాళ్ళున్నారు, జాగ్రత్త.

12 వోల్టులు రాకపోతే వెనక్కి వెతకాలి. ఇంజిన్ వేడి ముల్లు పైకెక్కిందా? అప్పుడు బండే ఏసీని ఆపేస్తుంది, చూడాల్సింది రేడియేటర్ ఫ్యాను. అదీ కాకపోతే ప్రెషర్ స్విచ్. గ్యాస్ బాగా కారిపోతే ఈ స్విచ్చే కంప్రెసర్‌కి కరెంటు కట్ చేస్తుంది. టక్కు లేనప్పుడు షెడ్డతని మాట నిజమయ్యేది ఈ ఒక్క చోటే, గ్యాస్ ఒత్తిడి చూపే గేజి పెట్టి చూపించమను. ఇంజిన్ ఆపి, 40 డిగ్రీల వేడిలో, ఆర్134ఎ గ్యాస్ ఉన్న బండిలో రెండు ముళ్ళూ 130 పిఎస్ఐ దరిదాపుల్లో నిలబడాలి. 30, 40 దగ్గరుంటే కారిందనే. 130 ఉందని నిండుగా ఉన్నట్టు కాదు సుమా. వంటగ్యాస్ బండ సగమైనా మంట తగ్గదు చూడు, అలాగే.

స్విచ్‌ని వైరుతో కలిపేసి నడిపిద్దాం అంటే మాత్రం ఒప్పుకోకు. కంప్రెసర్‌కి నూనె అందేది గ్యాస్‌తో కలిసే. గ్యాస్ లేకుండా తిప్పితే లోపల బిగుసుకుపోతుంది. కారిందని తేలితే ముందు లీకు కనిపెట్టాలి. గొట్టాల జాయింట్ల దగ్గర జిడ్డుకి దుమ్ము పట్టి నల్లటి మరక ఉంటుంది, లీకు అక్కడే అయ్యుండొచ్చు. అది బాగుచేశాక అరగంటైనా వాక్యూమ్ పట్టించి (గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో లాగేయించి), బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించమను. చేత్తో పైపు పట్టుకుని "చల్లబడింది, చాలు" అనేవాడి దగ్గర ఆగకు. నువ్వు మాత్రం ఆ పైపులు విప్పబోకు, గ్యాస్ చిమ్మితే చెయ్యి మంచుతో కాలిపోతుంది.

ఆదివారం పొద్దున్న ఎండెక్కకముందే చూడు. ఫ్యూజు బాక్సు మూత వెనక బొమ్మ అర్థం కాకపోతే ఫోటో తీసి పంపు, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాను.

మీ మావయ్య