పాత ల్యాప్‌టాప్‌కి మొదటిసారి ఏ లినక్స్?

ఒడిశా బరంపురంలో మా వదిన అడిగిందీ ఇదే: 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది, ఇప్పుడేం వేయాలి? విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాని రకాల్లో కళ్ళు మూసుకుని లినక్స్ మింట్ వేసుకోండి, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకం, తేలిగ్గా నడుస్తుంది. మెనూ కింద ఎడమ మూలనే, తడుముకోనక్కర్లేదు. ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని దాన్నుంచే మొదలుపెట్టి (బూట్ చేసి), ఇన్‌స్టాల్ నొక్కకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మళ్ళీ మీ విండోసే. ఫొటోలు మాత్రం ముందే వేరేచోట కాపీ చేసుకోండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుంటే అన్నీ పోతాయి (మా తమ్ముడు అదే చేశాడు). మన ఊళ్ళలో ఇంట్లో తెలుగు, అర్జీ రాస్తే ఒడియా కదా, కీబోర్డు సెట్టింగుల్లో రెండు లేఅవుట్లూ పెట్టుకోవచ్చు. ఉబుంటు అనే మరో లినక్స్ కూడా మంచిదే కానీ ఈ ర్యామ్‌కి బరువు.